ఆకాశానికి చిల్లు పడిన చోటు: గ్రీకుల వలస నగరం కురేనే కథ

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలు కొత్తవలసలో మెయిన్ లైన్ వదిలి కొండల వైపు మళ్ళుతుంది. శ్రీకాకుళం వైపు వెళ్ళే రైలైతే ఆమదాలవలసలో ఆగుతుంది. ఉత్తరాంధ్రలో ఇలా 'వలస'తో ముగిసే ఊళ్ళు బోలెడన్ని. ఎప్పుడో కొన్ని కుటుంబాలు ఎక్కడినుంచో వచ్చి, అడవో బీడో చూసుకుని, గుడిసెలు వేసుకుని ఉండిపోయిన చోట్లవి. గ్రీకులు ఇదే పని చేసి పెట్టుకున్న ఊరి పేరు నియాపోలిస్. కొత్త ఊరు అని అర్థం. ఇటలీలో ఇవాళ మనం నేపుల్స్ అంటున్నది దాన్నే. తెలుగు చెయ్యాల్సి వస్తే కొత్తవలస అనడమే సబబు.

అయితే మన భాషలో ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. పాలమూరు కూలీలు ముంబై బస్సెక్కితే అది వలస. తెల్లవాళ్ళు ఓడల్లో వచ్చి మనల్ని ఏలితే అది వలస పాలన. పొట్ట చేతపట్టుకుని పోయేవాడికీ, తుపాకీ చేతపట్టుకుని వచ్చేవాడికీ ఒకటే మాట. ఇది మన భాషలో ఉన్న గందరగోళమని చాలాకాలం అనుకున్నాను. కురేనే చరిత్ర చదివాక ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది.

కురేనే పేరు తెలుగు వాళ్ళకు పూర్తిగా కొత్తది కాదు. యేసు సిలువ మొయ్యడానికి సైనికులు దారిన పోతున్న ఒక మనిషిని పట్టుకుంటారు. బైబిల్లో 'కురేనీయుడైన సీమోను' అని వస్తుంది. గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో ఆ పేరు వినని వాళ్ళు తక్కువ. ఆ సీమోను ఊరే ఇది. రెండు ఊళ్ళ మధ్య నీడల తేడా చూసి భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీస్ పుట్టింది కూడా ఇక్కడే. నేటి తూర్పు లిబియాలో షహాత్ అనే ఊరి పక్కన దీని శిథిలాలున్నాయి. సముద్రానికి ఓ 15 కిలోమీటర్ల లోపలికి, దాదాపు 600 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద నగరం ఉండేది. కింద తీరాన దాని రేవు. ఆ రేవే పెద్దదై తర్వాత అపోలోనియా అనే వేరే పట్టణమైంది. అందుకని దీన్ని కొండ మీద కూర్చున్న తీర నగరం అనుకోవచ్చు.

కాలనీ అంటే ఏ కాలనీ?

మొదట మాటల చిక్కు విప్పుకోవాలి. ఇలాంటి ఊరిని గ్రీకులు 'అపోయికియా' అన్నారు. 'అపో' అంటే దూరంగా, 'ఓయికోస్' అంటే ఇల్లు. ఇంటికి దూరంగా కట్టుకున్న ఇల్లు అన్నమాట. 'కాలనీ' గ్రీకు మాట కాదు, లాటిన్ నుంచి వచ్చింది. రోమన్లు తాము గెలిచిన నేల మీద తమ రైతుల్నీ, రిటైరైన సైనికుల్నీ దించిన ఊళ్ళను 'కొలోనియా' అన్నారు. బ్రిటన్, ఫ్రాన్సు సామ్రాజ్యాలు వెలిగిపోతున్న రోజుల్లో యూరప్ పండితులు గ్రీకుల ఊళ్ళకు కూడా ఈ మాటే తగిలించారు. దాంతో పాతకాలపు గ్రీకులు కూడా తమలాగే నాగరికత పంచడానికి బయల్దేరిన దొరలన్న భావన మనసుల్లోకి ఎక్కింది. మన దగ్గర 'కాలనీ' అంటే హౌసింగ్ బోర్డ్ కాలనీయే గుర్తొస్తుంది. విచిత్రంగా అసలు అర్థానికి అదే కాస్త దగ్గర.

గ్రీకు అపోయికియాను మరెవరో దూరం నుంచి పాలించేవాళ్ళు కాదు. ఊరు వెలసిన రోజు నుంచే దాని చట్టాలు దానివి, దాని సైన్యం దానిది, తర్వాత నాణేలు కూడా దానివే. పంపిన ఊరిని 'మెట్రోపొలిస్' అన్నారు, తల్లి నగరం అని అర్థం. హైదరాబాద్ మెట్రోలో ఉన్నది ఆ మాట ముక్కే. తల్లి ఊరితో సంబంధం పుట్టింటితో ఉండే సంబంధం లాంటిది. పండగలకు కబుర్లు, దేవుళ్ళు ఒకరే, ఆపద వస్తే ఆదుకుంటారన్న ఆశ. పెత్తనం మాత్రం ఉండదు. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి రెండు మూడు వందల ఏళ్ళలో స్పెయిన్ నుంచి నల్ల సముద్రం దాకా ఇలాంటి ఊళ్ళు వందల్లో పుట్టాయి. వాటిలో ఎక్కువ ఊళ్ళ పుట్టుక గురించి మనకు ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకదు. కురేనే గురించి మాత్రం కావలసినంత దొరుకుతుంది. తిప్పలన్నీ ఆ కథలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్లే.

ఒక కరువు, రెండు కథలు

కురేనేకు తల్లి ఊరు థేరా. ఇవాళ సాంటోరిని పేరుతో హనీమూన్ ఫొటోల్లో కనిపించే తెల్లటి ఇళ్ళ దీవి అదే. పేలిపోయిన అగ్నిపర్వతం అంచు మీద మిగిలిన నేల. నది లేదు, వాన తక్కువ.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో, అంటే సంగతి జరిగిన రెండు వందల ఏళ్ళ తర్వాత, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ కథను రెండు రకాలుగా రాశాడు. ఒకటి థేరా వాళ్ళు చెప్పేది, రెండోది కురేనే వాళ్ళు చెప్పేది. ఎవరు ఏం చెప్పారో విడగొట్టి రాయడం ఆయన మనకు చేసిన మేలు.

థేరా కథ ఇలా ఉంటుంది. వాళ్ళ రాజు గ్రినోస్ గ్రీసులోని డెల్ఫీ గుడిలో అపోలో దేవుడి సోదె అడగడానికి వెళ్తే, లిబియాలో ఊరు కట్టమని పలికింది. నేను ముసలాణ్ణి, ఈ కుర్రాళ్ళలో ఎవరికైనా చెప్పు అంటూ ఆయన పక్కనున్న బాట్టోస్ వైపు చూపించాడు. లిబియా ఎక్కడుందో కూడా తెలియని వాళ్ళు ఇంటికెళ్ళి ఆ మాటే మర్చిపోయారు. తర్వాత ఏడేళ్ళు చుక్క వాన లేదు. దీవిలో ఒక్క చెట్టు తప్ప అన్నీ ఎండిపోయాయి. మళ్ళీ సోదె అడిగితే మళ్ళీ అదే జవాబు. క్రీట్ దీవికి మనుషుల్ని పంపి వెతికితే కొరోబియోస్ అనేవాడు దొరికాడు. ఊదా రంగు తీసే నత్తగుల్లలు పట్టుకునేవాడు. ఒకసారి గాలికి కొట్టుకుపోయి లిబియా తీరాన ప్లాటియా అనే దీవి చూసొచ్చాడట. అతనికి కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళారు. తిండి గింజలిచ్చి ఆ దీవిలోనే ఉంచి, చెప్పిన గడువుకు తిరిగి రాలేదు. పాపం, దారిన పోయే సామోస్ వాళ్ళ ఓడ ఏడాదికి సరిపడా తిండి ఇచ్చి ఉండకపోతే అతని పని అయిపోయేదే. పెద్ద చరిత్రల్లో ఇలాంటి చిన్న మనుషులకు ఒక్క పేరా దొరకడమే గొప్ప.

చివరికి థేరా వాళ్ళు అన్నదమ్ములున్న ఇళ్ళలో ఒకడు వెళ్ళాలని చీటీలు వేశారు. యాభై తెడ్ల ఓడలు రెండు కదిలాయి. ఎంత ఇరికించి కూర్చోబెట్టినా రెండు వందల మంది పట్టడం కష్టం. అంత పెద్ద నగరానికి మొదటి జనాభా అది.

కురేనే వాళ్ళ కథలో కరువు పక్కకు జరిగి, బాట్టోస్ హీరో అవుతాడు. తల్లి క్రీట్ రాజకుమారి, సవతి తల్లి చాడీలకు బలై సముద్రంలో మునిగిపోవాల్సిన పిల్ల. ముంచుతానని మాటిచ్చిన వర్తకుడు ఆమెకు తాడు కట్టి ఒకసారి నీళ్ళలో ముంచి తీసి, మాట దక్కించుకుని థేరాకు తీసుకొచ్చాడు. ఆమెకు పుట్టిన కొడుక్కి నత్తి. గొంతు బాగుచేయమని డెల్ఫీకి వెళ్తే, నువ్వు గొంతు కోసం వచ్చావు, దేవుడు నిన్ను లిబియాకు పంపుతున్నాడు అని సోదె చెప్పింది. బాట్టోస్ అన్న పేరే నత్తి వల్ల వచ్చిందని గ్రీకులు అనుకునేవాళ్ళు. హెరొడోటస్ దాన్ని ఒప్పుకోలేదు. లిబియన్ల భాషలో బాట్టోస్ అంటే రాజు అని, పేరు అక్కడే వచ్చి ఉంటుందని ఆయన ఊహ.

కథలో నాకు ఎక్కువ గుచ్చుకునేది ఇంకొకటి. వెళ్ళినవాళ్ళు ఏం చేయాలో తోచక ఒకసారి థేరాకు తిరిగొచ్చారు. ఒడ్డున ఉన్న సొంత ఊరివాళ్ళు రాళ్ళూ రప్పలూ విసిరి, దిగనివ్వకుండా, వచ్చిన దారినే పొమ్మని తరిమేశారు. లాక్‌డౌన్ రోజుల్లో సొంతూరి పొలిమేరలో కంచెలు చూసిన వలస కూలీలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మైనపు బొమ్మలు కరిగినట్టు

హెరొడోటస్‌తో పాటు మూడో సాక్ష్యం కూడా ఉంది, రాతి మీద. 20వ శతాబ్దంలో కురేనే తవ్వకాల్లో దొరికిన ఈ శాసనం క్రీ.పూ. 4వ శతాబ్దానిది. కురేనేలో ఉంటున్న థేరా వాళ్ళకు సమాన పౌరసత్వం ఇవ్వాలన్న తీర్మానం అది. అందుకు ఆధారంగా మూడు వందల ఏళ్ళ నాటి ఒప్పందమంటూ 'వలసదారుల ప్రమాణం' మొత్తం చెక్కించారు.

ప్రతి ఇంటి నుంచి ఒక కొడుకు, ఈడొచ్చినవాడు, అందరితో సమాన హక్కుతో ఓడ ఎక్కాలి. ఊరు నిలబడితే, తర్వాత వచ్చే చుట్టాలకు కూడా పౌరసత్వం, ఎవరికీ పంచని భూమిలో వాటా ఇవ్వాలి. నిలబడక, థేరా కూడా ఆదుకోలేక, ఐదేళ్ళు అవస్థ పడితే భయం లేకుండా తిరిగి వచ్చి తమ ఆస్తి తాము తీసుకోవచ్చు. ఊరు పంపుతున్నా వెళ్ళనన్నవాడికి మరణశిక్ష, ఆస్తి జప్తు. వాణ్ణి దాచిపెడితే తండ్రికైనా అన్నకైనా అదే శిక్ష. తర్వాత మైనంతో బొమ్మలు చేసి నిప్పులో వేశారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, మగపిల్లలు, ఆడపిల్లలు అందరూ చుట్టూ నిలబడి శపించారు: ఈ ప్రమాణం తప్పినవాడు, వాడి సంతానం, వాడి ఆస్తి ఈ బొమ్మల్లా కరిగిపోవాలి.

ఇది నిజంగా క్రీ.పూ. 7వ శతాబ్దపు ఒప్పందమేనా? పండితులు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. కొన్ని మాటలు పాతవిలా ఉన్నాయని కొందరు, 4వ శతాబ్దంలో అవసరం కొద్దీ అల్లారని కొందరు. నా మట్టుకు రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. థేరా వాళ్ళకు పౌరసత్వం కావాలి, దానికి పాత పత్రం కావాలి, సరిగ్గా అప్పుడే పాత పత్రం దొరికింది. భూమి తగాదాల్లో తాతల నాటి కాగితాలు బయటపడే తీరు తెలిసినవాళ్ళెవరికైనా అనుమానం రాక మానదు. పైగా శాసనం ప్రకారం ఐదేళ్ళకు తిరిగి రావచ్చు. హెరొడోటస్ ప్రకారం వస్తే రాళ్ళు పడ్డాయి. అయితే మైనపు బొమ్మల తంతు ఎవరో కూర్చుని కల్పించిందిలా లేదు. పాత జ్ఞాపకం చుట్టూ కొత్త అవసరం కట్టిన గోడ అనుకుంటే రెండూ సర్దుకుంటాయి.

రెండు కథలకూ, శాసనానికీ ఒక విషయంలో పేచీ లేదు. ఎవరూ సరదాగా వెళ్ళలేదు. చీటీ వేసి, చంపుతామని బెదిరించి, తిరిగొస్తే కొట్టి పంపించిన వలస ఇది. థేరాకు తిండి చాలడం లేదు. అన్నదమ్ముల పంపకాలతో చెక్కలు ముక్కలవుతున్నాయి. ఇంటికొకడు తగ్గితే ఉన్నవాళ్ళకు నాలుగు గింజలు ఎక్కువ.

అక్కడ ముందే ఉన్నవాళ్ళు

ప్లాటియా దీవిలో రెండేళ్ళు గడిచాయి, బతుకు బాగుపడలేదు. ఎదురుగా నేల మీద అజిరిస్ అనే చోటికి మారి ఆరేళ్ళు ఉన్నారు. ఏడో ఏట లిబియన్లు వచ్చి, ఇంతకంటే మంచి చోటు చూపిస్తాం పదండి అని పడమరకు తీసుకెళ్ళారు. దారిలో ఇరాసా అనే చోటు వస్తుంది. ఆ ప్రాంతంలో అంత చక్కని నేల ఇంకోటి లేదు. గ్రీకుల కంట అది పడకుండా లెక్క చూసుకుని రాత్రి పూట దాటించారు. చివరికి కొండ అంచున ఒక నీటి ఊట దగ్గర ఆపి అన్నారట: "ఇక్కడ ఉండండి. ఇక్కడ ఆకాశానికి చిల్లు ఉంది."

గ్రీకులో రాసిన ఆ మాట తెలుగులోకి మక్కికి మక్కి వచ్చేస్తుంది, ఎందుకంటే జోరు వానకు మనమూ అలాగే అంటాం. ఆ పీఠభూమి ఉత్తరానికి సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉండడంతో శీతాకాలపు తేమ గాలులు దాన్ని గుద్దుకుని కురుస్తాయి. అందుకే అరబ్బీలో దాని పేరు జబల్ అఖ్దర్, పచ్చకొండ. ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైచిలుకు. మన అనంతపురంలో పడేది కూడా సుమారు అంతే, దాన్ని మనం కరువు సీమ అంటాం. చుట్టూ ఎడారి ఉంటే అదే వాన చిల్లు పడ్డ ఆకాశం.

సంప్రదాయ లెక్క ప్రకారం ఇది క్రీ.పూ. 631. తవ్వకాల్లో దొరికిన పాత కుండపెంకులు కూడా దాదాపు ఆ కాలానివే.

'వాళ్ళే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు' అన్న కథ చెప్పేది ఎవరో గమనించాలి. కూర్చున్నవాళ్ళు. పరాయి నేల మీద స్థిరపడిన జనం ఎక్కడైనా ఇలాంటి కథ ఒకటి దాచుకుంటారు. అయితే ఇరాసా సంగతి చూస్తే ఇది వట్టి కల్పన అనిపించదు. గ్రీకులకు గొప్ప కోసం కథ కావాలంటే తమను మోసం చేశారన్న ముక్క ఎందుకు ఉంచుకుంటారు? రెండు వందల మంది బక్క మనుషుల్ని తమ మంచి నేలకు దూరంగా ఒక చోట సర్దిపెట్టిన లిబియన్ల తెలివి ఆ ముక్కలో కనిపిస్తుంది. మొదటి తరంలో పైచేయి వాళ్ళదే.

రెండు ఓడల్లో వచ్చింది అన్నదమ్ములు. మరి ఇల్లాళ్ళు? హెరొడోటస్ ఇంకో సందర్భంలో చెప్పిన చిన్న విషయం ఇక్కడ పనికొస్తుంది. కురేనే ఆడవాళ్ళు ఆవు మాంసం ముట్టరట. ఆ ప్రాంతపు లిబియన్లకూ అదే పట్టింపు. గ్రీకుల్లో అలాంటి నియమం లేదు. అంటే వంటింట్లో నడిచింది లిబియన్ అమ్మమ్మల ఆచారం. నాలుగు గుర్రాల రథం కట్టడం గ్రీకులు లిబియన్ల దగ్గరే నేర్చుకున్నారని కూడా ఆయన రాశాడు. తర్వాతి రోజుల్లో కురేనే రాజులు గ్రీసులో గెలిచిన పందేలు ఆ రథాలతోనే.

మూడు వందల ఏళ్ళ తర్వాత ఈజిప్టును ఏలిన మొదటి టాలెమీ కురేనేకు రాజ్యాంగం రాయించి ఇచ్చాడు. పౌరుడు ఎవరు అనే చోట, తల్లిదండ్రులిద్దరూ కురేనే వాళ్ళయిన వారితో పాటు, ఫలానా హద్దుల లోపలి లిబియన్ తల్లులకు పుట్టినవాళ్ళు కూడా అని స్పష్టంగా ఉంది. 'స్వచ్ఛమైన గ్రీకు నగరం' అని ఎవరైనా అంటే ఈ వాక్యం చూపిస్తే చాలు.

మలుపు ఎక్కడ?

బాట్టోస్ 40 ఏళ్ళు ఏలి చనిపోతే ఊరి నడిబొడ్డున అంగడి వీధి చివర సమాధి చేసి దేవుడిలా కొలిచారు. కొడుకు అర్కెసిలాస్ 16 ఏళ్ళు ఏలాడు. అప్పటిదాకా జనం పెరగలేదు. మనవడు రెండో బాట్టోస్ కాలంలో కథ అడ్డం తిరిగింది. కురేనే భూములు పంచుతోంది, రండి అని పిలుపు వెళ్ళింది. డెల్ఫీ కూడా వంత పాడింది: పంపకం అయిపోయాక వచ్చేవాడు తర్వాత ఏడుస్తాడు అని. రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో 'కొన్ని ప్లాట్లే మిగిలాయి' అంటారే, దైవవాక్కులో అదే ధోరణి.

గ్రీకు లోకం నలుమూలల నుంచి జనం దిగారు. పంచిన భూమి ఎవరిది? లిబియన్లది. వాళ్ళ రాజు అడిక్రాన్ ఈజిప్టు ఫారో అప్రియస్‌ను శరణు కోరాడు. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఈజిప్టు సైన్యం వచ్చింది. యుద్ధం జరిగింది ఇరాసాలోనే, అంటే ఒకప్పుడు చీకట్లో దాటించిన ఆ చక్కని చోటే. ఈజిప్టు సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. ఆ కోపంతో స్వదేశంలో తిరుగుబాటు వచ్చి ఫారోకు సింహాసనమే పోయింది.

మాట ఒకటే అయినా వలసకున్న రెండు అర్థాల మధ్య గీత గీయాలంటే నేను ఇక్కడ గీస్తాను. క్రీ.పూ. 631లో వచ్చినవాళ్ళు ఆకలికి వచ్చారు, చూపించిన చోట ఉన్నారు, అక్కడి పిల్లల్ని పెళ్ళాడారు. రెండు తరాల తర్వాత వచ్చినవాళ్ళు కూడా బహుశా పేదవాళ్ళే, వాళ్ళ ఊళ్ళలో వాళ్ళకూ భూమి లేకే వచ్చి ఉంటారు. కానీ వీళ్ళ చేతికి దొరికింది ఇంకొకడి నేల, దాన్ని కొలిచి పంచే రాజ్యం, వెనక నిలబడ్డ దేవుడు. మనుషుల స్వభావం మారలేదు, సంఖ్య మారింది, బలం మారింది. ఈ రెండూ ఒకే ఊళ్ళో డెబ్బై ఏళ్ళ లోపు జరిగాయి.

లిబియన్లు ఊరుకోలేదు. తర్వాతి రాజు రెండో అర్కెసిలాస్‌తో అన్నదమ్ములు కొట్లాడి వేరుపోయి బార్కా అనే కొత్త ఊరు పెట్టారు, లిబియన్లను తమ వైపు తిప్పుకున్నారు. వాళ్ళ మీదికి వెళ్ళిన రాజు సైన్యంలో 7,000 మంది ల్యూకోన్ అనే చోట చచ్చారని హెరొడోటస్ లెక్క. ఆ తర్వాత రాజును అన్నదమ్ముల్లో ఒకడే గొంతు నులిమి చంపాడు, వాణ్ణి రాజు భార్య ఎరిక్సో చంపించింది. ఊరు ఎంతగా చీలిందంటే గ్రీసులోని మాంటినియా నుంచి డెమోనాక్స్ అనే మధ్యవర్తిని పిలిపించుకున్నారు. ఆయన జనాన్ని మూడు తెగలుగా సర్దాడు. థేరా వాళ్ళూ వాళ్ళ 'చుట్టుపక్కల వాళ్ళూ' ఒకటి, దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీస్ వాళ్ళు, క్రీట్ వాళ్ళు రెండు, మిగతా దీవుల వాళ్ళు మూడు. ఆ 'చుట్టుపక్కల వాళ్ళు' లిబియన్లేనా అన్నది ఇంకా తేలని తగాదా. రాజుకు దేవుడి మాన్యాలు, పూజారి పదవులు మాత్రం మిగిలాయి. క్రీ.పూ. 440 ప్రాంతానికి ఆ వంశమే ముగిసింది. బాట్టోస్, అర్కెసిలాస్ అన్న రెండే పేర్లు మార్చి మార్చి పెట్టుకుంటూ ఎనిమిది మంది ఏలారు.

ఇంగువకు అక్క

కురేనే డబ్బు ఎక్కడిది? మొదటిది ధాన్యం. తీరం పంట ముందు కోతకొస్తుంది, అది అయ్యేసరికి నడిమి గట్లు, అవి అయ్యేసరికి పైకొండ. అలా ఏడాదిలో ఎనిమిది నెలలు కోతలేనని హెరొడోటస్ నోరూరించేలా రాశాడు. క్రీ.పూ. 330 ప్రాంతంలో గ్రీసులో పెద్ద కరువు వచ్చినప్పుడు కురేనే పంపిన ధాన్యం లెక్క ఒక శాసనంలో ఉంది. మెదిమ్నోస్ అనే కొలతలో 8 లక్షలకు పైగా, అందులో లక్ష ఏథెన్స్‌కు. జాబితాలో థేరా కూడా ఉంది. చీటీ వేసి పంపించేసిన బిడ్డ పంపిన బస్తాలు మూడు వందల ఏళ్ళకు ఆ ఒడ్డున దిగాయి.

రెండోది సిల్ఫియం. నగరం నాణేల మీద ముద్రించుకున్న మొక్క ఇదే. లావుపాటి కాడ, గొడుగులాంటి పూల గుత్తి. కాడకూ వేరుకూ గాటు పెడితే కారే జిగురు వంటకు రుచి, కడుపు నొప్పికి మందు, ఇంకా సవాలక్ష జబ్బులకు. సాగు చేద్దామంటే లొంగలేదు. నగరానికి దక్షిణాన లిబియన్ల మేత బీళ్ళలో తనంతట తానే మొలిచేది. పారిస్‌లో ఉన్న ఒక పాత గిన్నె మీద అర్కెసిలాస్ రాజు పందిరి కింద కూర్చుని పెద్ద త్రాసు దగ్గర తూకం వేయిస్తున్న బొమ్మ ఉంది. తూస్తున్నది సిల్ఫియమేనని చాలామంది అంటారు, కాదు ఉన్ని అని కొందరు. జూలియస్ సీజర్ రోమ్ ఖజానా స్వాధీనం చేసుకున్నప్పుడు బంగారం, వెండితో పాటు 1,500 పౌండ్ల సిల్ఫియం జిగురు కూడా దొరికిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ఆ ప్లినీ కాలానికే, అంటే క్రీ.శ. 1వ శతాబ్దానికి, మొక్క దాదాపు మాయమైంది. తనకు గుర్తున్నంతలో ఒకే ఒక్క కాడ దొరికితే నీరో చక్రవర్తికి కానుకగా పంపారట. బీళ్ళను గుత్తకు తీసుకున్నవాళ్ళు గొర్రెల్ని మేపుకోవడమే లాభమనుకున్నారన్నది ఆయన చెప్పిన కారణం. అతిగా పీకడం, వాతావరణం మారడం కూడా కారణాలని ఇప్పటివాళ్ళు అంటున్నారు. ఈ మధ్య టర్కీలో దొరికిన ఒక మొక్క అదే కావచ్చని ఒక వాదన నడుస్తోంది, రుజువు కాలేదు.

సిల్ఫియం పోయాక రోమన్ వంటవాళ్ళు ఏం వాడారు? పర్షియా వైపు నుంచి వచ్చే, అదే జాతికి చెందినదని భావించే ఇంకో మొక్క జిగురు. అసలు సరుకు ముందు అది నాసిరకమని సణుగుతూనే కొన్నారు. ఆ నాసిరకాన్నే మనం ఇంగువ అంటాం. పులిహోర తాలింపులో చిటికెడు వేసినప్పుడల్లా రోమన్లు దేని కోసం బెంగపడ్డారో కొంత ఊహించుకోవచ్చు.

తర్వాతి కథ, క్లుప్తంగా

అలెగ్జాండర్ తర్వాత కురేనే టాలెమీల చేతికి వెళ్ళింది. క్రీ.పూ. 96లో వారసులు లేని టాలెమీ అపియోన్ చనిపోతూ రాజ్యాన్ని రోమ్‌కు వీలునామా రాసిచ్చాడు. ఆ కాలంలో ఇక్కడ యూదులు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్ళు, మన సీమోను వాళ్ళలో వాడే. క్రీ.శ. 115లో యూదుల తిరుగుబాటు మొదలై రెండేళ్ళు రక్తం పారింది, గుళ్ళూ రోడ్లూ ధ్వంసమయ్యాయి. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ మళ్ళీ కట్టించాడు. జ్యూస్ దేవుడి గుడి ఇవాళ్టికీ స్తంభాలతో నిలబడి ఉంది, కొలతల్లో ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడికి తీసిపోదు. క్రీ.శ. 365 భూకంపం నడుం విరిచింది. 7వ శతాబ్దంలో అరబ్బులు వచ్చేనాటికి అది చిన్న ఊరు. ఆ ప్రాంతం మొత్తానికి అరబ్బీలో మిగిలిన పేరు బర్కా, అలిగి వేరుపోయిన అన్నదమ్ముల ఊరి పేరు.

మళ్ళీ ఓడలు

1911లో ఇటలీ లిబియా మీద దాడి చేసింది. ఆక్రమణకు వాళ్ళు చెప్పుకున్న సాకుల్లో శిథిలాలు కూడా ఉన్నాయి. ఇది మా పూర్వీకుల నేల, మేం తిరిగి వస్తున్నాం అన్నారు. కురేనే కట్టింది గ్రీకులు, రోమన్లు వీలునామాలో పొందినవాళ్ళు. ఆ తేడా ప్రచారానికి అడ్డు రాలేదు. 1913లో పెద్ద వానలకు మట్టి కొట్టుకుపోయి తల లేని వీనస్ పాలరాతి విగ్రహం బయటపడింది. ఇటలీ సైనికుల కంట పడింది, తర్వాత రోమ్‌కు ఓడెక్కింది.

శాసనాలు చదివే పండితులు కొండ అంచున తవ్వుతుంటే, అదే పచ్చకొండ లోయల్లో ఒమర్ ముఖ్తార్ అనే ఖురాన్ పంతులు గుర్రం మీద గెరిల్లా యుద్ధం నడిపాడు. అతనికి అన్నం పెట్టేవాళ్ళే లేకుండా చేయాలని 1930లో దాదాపు లక్ష మందిని, పశువులతో సహా, ఎడారి అంచున కంచెల శిబిరాలకు తోలారు. పదుల వేల మంది తిరిగి రాలేదు. 1931లో డెబ్బై ఏళ్ళు దాటిన ముఖ్తార్‌ను జనం ముందు ఉరితీశారు. 1938లో ఇటలీ నుంచి ఒకే విడతలో 20,000 మంది రైతు కుటుంబాల వాళ్ళను ఓడల్లో లిబియాకు తెచ్చి, వాళ్ళలో చాలామందిని ఆ ఖాళీ చేయించిన నేల మీద దించారు. వాళ్ళలో ఎక్కువమంది చేతిలో చెక్క భూమి లేని పేదలు. రెండో బాట్టోస్ పిలిస్తే వచ్చినవాళ్ళ లాగే.

వీనస్ విగ్రహం 2008లో లిబియాకు తిరిగొచ్చింది, ఇటలీ తన పాలన కాలపు తప్పులకు పరిహారంగా 500 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే. కురేనే 1982 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 2011 తర్వాతి అంతర్యుద్ధంతో 2016లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాకు చేరింది. సమాధుల పక్కనే ఇళ్ళు లేస్తున్నాయి. శతాబ్దాలుగా ఆ నేల మీద ఉన్న స్థానిక కుటుంబాలు, ఈ ప్లాట్లు మా తాతలవి, మధ్యలో మీ రాళ్ళేమిటి అంటున్నాయి.

2023 సెప్టెంబర్ 10న డేనియల్ తుఫాను ఆ తీరాన్ని కొట్టింది. పక్కనున్న అల్ బైదాలో 24 గంటల్లో 414 మిల్లీమీటర్ల వాన పడింది. డెర్నా పట్టణం పైన రెండు ఆనకట్టలు తెగి వేల మంది సముద్రంలోకి కొట్టుకుపోయారు. కురేనేలో పాత గోడలు కూలాయి, గ్రీకులు మొదట ఆగిన ఆ అపోలో ఊట దిగువన ఉన్న గుళ్ళ ఆవరణల్లో బురద నీళ్ళు నిలిచిపోయాయి. అదే వరదకు మట్టి కోసుకుపోయి, రోమన్ల కాలం నాటి నీటి కాలువ ఒకటి కొత్తగా బయటపడింది.